భోగాపురం చుట్టుపక్కల భూముల రేట్ల గురించి బహిరంగ లేఖ

జిల్లాలో రిజిస్ట్రేషన్లు, లేఅవుట్ పర్మిషన్లు, రెవెన్యూ రికార్డులు చూసే అధికారులందరికీ, అలాగే వైజాగ్ నుంచి, హైదరాబాద్ నుంచి, బయట దేశాల నుంచి మా విజయనగరం జిల్లాలో ప్లాట్లు కొని పెట్టుకుంటున్న పెట్టుబడిదారులకి నమస్కారం.

నేను విజయనగరంలో చిన్న జెరాక్స్, నెట్ సెంటర్ నడుపుతాను. పదమూడేళ్ళ నుంచి ఇదే పని. ఈసీలు (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం) తీస్తాను, అడంగల్, 1బి లాంటి రెవెన్యూ రికార్డుల ప్రింట్లు ఇస్తాను, ఫలానా సర్వే నంబర్‌కి గవర్నమెంట్ వాల్యూ ఎంతుందో సైట్‌లో చూసి చెప్తాను, అగ్రిమెంట్లు టైప్ చేస్తాను. భూమి అమ్మేవాళ్ళూ, కొనేవాళ్ళూ, మధ్యలో ఉండే మీడియేటర్లూ అందరూ నా ముందు కుర్చీలోనే కూర్చుంటారు కాబట్టి మా దగ్గర రేటు ఎలా పుడుతుందో నాకు దగ్గర నుంచి తెలుసు.

అగ్రిమెంట్లు చేతులు మారుతూ భూమి రేట్లు పెంచేస్తున్న విషయం మీద మా అమ్మ పుట్టింటి ఊరి రైతులు ఆరుగురు, నేను కలిసి మూడుసార్లు అర్జీ పెట్టాం. మొదటిసారి రసీదు ఇచ్చారు, 40 రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. రెండోసారి ఇంకో ఆఫీసుకి పంపారు, వాళ్ళు ఇది మా పరిధి కాదన్నారు. మూడోసారి ఇచ్చి అయిదు నెలలు దాటింది, జవాబు లేదు. అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను, పెద్దగా చదువుకున్నవాడిని కాదు, రాతలో తప్పులుంటే మన్నించండి, విషయంలో తప్పుంటే మాత్రం చెప్పండి దిద్దుకుంటాను.

ముందు జరిగింది చెప్తాను. రెండేళ్ళ క్రితం ఒకాయన పాత అగ్రిమెంట్ కాపీ తెచ్చి ఇదే మోడల్లో ఇంకోటి టైప్ చెయ్యమన్నారు. చేస్తుంటే సర్వే నంబర్ ఎక్కడో చూసినట్టు అనిపించింది. హద్దుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది, తూర్పు పుంత (బండ్ల దారి), పడమర గెడ్డ (వాగు), దక్షిణం మా పెదమావయ్య భూమి. అంటే ఆ ఎకరా 20 సెంట్లు మా చినమావయ్యది. సగం సరుగుడు, సగం జీడి, చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మేం ఆడుకున్న గరువు (మెట్ట భూమి) అది. మావయ్య రాసిచ్చింది ఎకరా 55 లక్షలకి, 5 లక్షలు అడ్వాన్స్, మిగతాది ఆరు నెలల్లో అని. నా చేతిలో ఉన్న కాగితంలో ఎకరా 95 లక్షలు ఉంది. మధ్యలో 72 లక్షలకి ఒక చెయ్యి మారిందని పాత కాపీలో ఉంది, ఆ తర్వాత కోటి 20 లక్షలకి ఇంకొకరు తీసుకున్నారని ఊళ్ళో తెలిసింది. మొత్తం నాలుగు కాగితాలు, 11 నెలలు. భూమిలో ఒక్క తట్ట మట్టి కదల్లేదు, రోడ్డు పడలేదు, కరెంట్ స్తంభం రాలేదు. ఏ అగ్రిమెంటూ రిజిస్టర్ కాలేదు కాబట్టి ఈసీలో ఒక్కటీ కనపడదు, ఈసీలో ఇప్పటికీ మా మావయ్య పేరే శుభ్రంగా ఉంది.

వెళ్ళి చెప్తే మావయ్య అన్న మాట ఇది: "ఏట్రా అబ్బాయి, నా బూమి మీద నాకే తెలీకుండా ఇంతమంది యాపారం సేసీసినారా?"

ఆ చివరాయన దగ్గర డబ్బుల్లేవు, తీసుకునే కంపెనీ దొరికితే అమ్మేసి ఇస్తానంటాడు. మావయ్య వేరేవాళ్ళకి అమ్మలేడు, అమ్మితే కోర్టుకి వెళ్తామంటున్నారు, అగ్రిమెంట్ అమలు చెయ్యమని దావా వెయ్యటానికి చట్టంలో మూడేళ్ళ టైమ్ ఉంటుంది కదా, ఆ మూడేళ్ళూ రైతు చేతులు కట్టేసినట్టే. సరుగుడు ముందే కొట్టించేశారు, భూమి కొలవాలి అని. ఇప్పుడక్కడ తుమ్మ మొక్కలు లేచాయి. వచ్చిన 5 లక్షలు మరదలి పెళ్ళికి అయిపోయాయి.

ఇందులో అందరూ గమనించాల్సింది ఒకటుంది. ఇవాళ మా అమ్మ ఊళ్ళో ఎవర్ని అడిగినా ఎకరా కోటి 20 అంటారు. ఆ రేటుకి నిజంగా డబ్బు లెక్కపెట్టుకుని తీసుకున్న రైతు ఊళ్ళో ఒక్కడు కూడా లేడు. ఒక్క కాగితం మీద రాసిన అంకె ఊరందరి రేటు అయిపోయింది, పక్క ఊరివాళ్ళు దాని మీద ఇంకో పది కలిపి చెప్తున్నారు.

దీనికి తోడు ప్రకటనలు. భోగాపురం ఎయిర్‌పోర్ట్ సంగతే తీసుకోండి, 2015లో 15 వేల ఎకరాలు అన్నారు, రైతులు రోడ్డెక్కితే తగ్గుతూ తగ్గుతూ చివరికి 2,200 ఎకరాల దగ్గర ఆగింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి శంకుస్థాపన, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన. మధ్యలో 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చి వైజాగ్ రాజధాని అన్నారు. 2025 అక్టోబర్‌లో వైజాగ్‌కి గూగుల్ డేటా సెంటర్ అన్నారు. ప్రతి ప్రకటనకీ మా దగ్గర గజం రేటు ఒక మెట్టు ఎక్కింది, వెనక్కి దిగటం మాత్రం నేను చూడలేదు, ఎందుకంటే పనులు ఆగినప్పుడు రేటు తగ్గదు, కొనేవాళ్ళు మాయమైపోతారు అంతే. బోర్డు మీద రేటు అలాగే ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ వద్దని నేను అనట్లేదు, రావాలి, మా పిల్లలకి ఉద్యోగాలు రావాలి. మా జిల్లా మనుషులు కూలి పనికి విజయవాడ, హైదరాబాద్ వలసపోవటం ఎన్ని తరాలు చూడాలి.

ఇప్పుడు పెట్టుబడి పెట్టేవాళ్ళకి, మీకు కోపం రాకపోతే కొన్ని లెక్కలు చెప్తాను.

ఎకరా అంటే 4,840 గజాలు. రోడ్లకి, ఓపెన్ స్పేస్‌కి పోగా ప్లాట్లుగా అమ్ముకోవటానికి మిగిలేది సుమారు 55 శాతం, అంటే 2,660 గజాలు. ఎకరా కోటి రూపాయలకి కొన్నా గజానికి భూమి ఖర్చు 3,760 అవుతుంది. రోడ్లు, కాలవలు, కరెంట్, ఫీజులు కలిపి గజానికి 1,500 వేసుకోండి, 5,260. అదే ప్లాట్ మీకు గజం 15 వేలకి అమ్ముతుంటే మిగతా పదివేలు ఎవరికి పోతున్నాయి? అగ్రిమెంట్లు మార్చినవాళ్ళ లాభాలు, వడ్డీలు, హోర్డింగులు, ఫంక్షన్ హాల్లో మీటింగులు, కార్లలో సైట్ విజిట్లు, అన్నిటికంటే ఎక్కువ కమీషన్లు. ఒక ఏజెంట్, ఆయన మీద టీం లీడర్, ఆయన మీద ఇంకొకరు, కింద అమ్మినదాంట్లో పైన అందరికీ వాటా. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళే చెప్తారు, జీతం లేదన్నా కమీషనే అని. వాళ్ళ మీద నాకు కోపం లేదు, డిగ్రీలు చేసి పనిలేక చేస్తున్నారు, చాలామంది ముందు సొంత చుట్టాలకే అమ్మి తర్వాత మొహం చూపించలేక తిరుగుతున్నారు.

రెండో లెక్క. 150 గజాలు 15 వేల చొప్పున 22 లక్షల 50 వేలు. ఆ డబ్బు 9 శాతం అప్పు అనుకుంటే అయిదేళ్ళకి 34 లక్షల 60 వేలు అవుతుంది. అంటే అయిదేళ్ళ తర్వాత గజం 23 వేలకి అమ్మితే మీకు లాభమూ లేదు నష్టమూ లేదు. దీంట్లో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం కలపలేదు, బ్రోకరేజి కలపలేదు, అమ్మినప్పుడు కట్టాల్సిన టాక్స్ కలపలేదు. పొలం అయితే ఏడాదికి కొంత పంటైనా వస్తుంది, ఇల్లు అయితే అద్దె వస్తుంది, ప్లాట్ మీద వచ్చేది ఏమీ లేదు, తుప్పలు కొట్టించటానికి మీరే డబ్బులిస్తారు.

మరి ఆ 23 వేలకి కొనేది ఎవరు అని కూడా ఒకసారి ఆలోచించండి. ఇంకో పెట్టుబడిదారుడు కొంటే ఆయనకీ ఇదే ప్రశ్న వస్తుంది, చివరికి ఎవరో ఒకరు అక్కడ ఇల్లు కట్టుకుని ఉండాలి కదా. స్థలం 34 లక్షలు, ఇల్లు కట్టటానికి 20 లక్షలు వేసుకున్నా 55 లక్షల దగ్గర అవుతుంది, అంతా లోన్ ఇచ్చారనుకున్నా 20 ఏళ్ళకి ఈఎంఐ నెలకి 50 వేల దగ్గర. మా ఊళ్ళో ప్రైవేట్ ఉద్యోగం చేసే కుర్రాడి జీతం 15 వేలు, 18 వేలు. పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టులు చేసే పిల్లలకి కూడా కాస్త అటూఇటుగా అంతే. ఆ ఇల్లు అద్దెకిద్దామన్నా పది పన్నెండు వేలు వస్తే గొప్ప. జీతాలకీ అద్దెలకీ అందని రేటు ఎన్నాళ్ళు నిలబడుతుందో మీరే చూడండి. అమరావతిలో 2014 తర్వాత ఎగబడి కొన్నవాళ్ళు 2019 డిసెంబర్ తర్వాత ఎంత నలిగిపోయారో తెలుగువాళ్ళందరం చూశాం.

కాగితాల విషయం కూడా. గవర్నమెంట్ వాల్యూ గజం 5 వేలు ఉంటే ఆ 5 వేలకే రిజిస్ట్రేషన్ చేయించి మిగతా 10 వేలు క్యాష్‌గా తీసుకుంటున్నారు. భూమి లావాదేవీలో 20 వేలు, ఆపైన అడ్వాన్స్ క్యాష్‌గా తీసుకోవటమే ఇన్‌కంటాక్స్ రూల్స్‌కి వ్యతిరేకం. అది పక్కన పెట్టినా రేపు తగాదా వచ్చి డబ్బు వెనక్కి అడిగితే కాగితం మీదున్న 5 వేలే మీవి, మిగతాది ఇచ్చామని చూపించటానికి మీ దగ్గర ఏముంటుంది? మా దగ్గర డి పట్టా భూములు (గవర్నమెంట్ పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు) కూడా చాలా ఉన్నాయి, 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూములు అమ్మకూడదు, 2023లో సవరణ చేసి ఇరవై ఏళ్ళు దాటిన అసలు లబ్ధిదారులకి హక్కులిచ్చారు కానీ దాన్ని అడ్డం పెట్టుకుని అన్నీ క్లియర్ అయిపోయాయని చెప్పి అమ్మేస్తున్నారు, కొనేముందు ఆ సర్వే నంబర్ 22ఏ లిస్టులో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల లిస్టు) ఉందో లేదో చూసుకోండి. సముద్రం వైపు అయితే సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాల మీద ఆంక్షలు), ఎయిర్‌పోర్ట్ దగ్గర అయితే బిల్డింగ్ ఎత్తు మీద పరిమితులు, మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో అది కూడా చూసుకోండి. బ్రోషర్‌లో రోడ్డు గీత ఉంటే రోడ్డు ఉన్నట్టు కాదు. రెరా (రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే సంస్థ) నంబర్ లేకుండా ప్రీలాంచ్ అని డబ్బు తీసుకుంటే అది చట్ట విరుద్ధం, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, అపార్ట్‌మెంట్ అయితే 8 ఫ్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. రెరా గురించి చెప్పిన ఇవన్నీ 2016 చట్టంలోనే ఉన్నాయి. పదేళ్ళ నాటి చట్టం, మా సెంటర్‌కి వచ్చే కొనుగోలుదారుల్లో దాని గురించి తెలిసినవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు.

ఇక దీనివల్ల మామూలు మనుషులకి ఏం జరుగుతుందో అధికారులు దయచేసి చదవండి.

1. కౌలు రైతులకి భూమి లేకుండా పోయింది. సొంత భూమి ఉన్నవాళ్ళకి కనీసం అడ్వాన్స్ అయినా వచ్చింది, కౌలు చేసేవాళ్ళకి ఏమీ రాలేదు, అగ్రిమెంట్ అయిన మరుసటి రోజే ఇంక దున్నకు అనేస్తారు. వేరుశనగ వేసుకుని, రెండు గేదెల్ని పెట్టుకుని బతికిన కుటుంబాలు ఇప్పుడు ఆ భూమి పక్కనే వెంచర్లో రాళ్ళు పాతే కూలికి వెళ్తున్నాయి. మేత లేక గేదెల్ని అమ్మేసుకున్నారు.

2. ఎయిర్‌పోర్ట్ కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ చేశారు. వాళ్ళల్లో కొందరు నా సెంటర్‌కి వస్తుంటారు. పరిహారం డబ్బుతో ఎక్కడైనా అర ఎకరం కొందామని తిరిగితే, డబ్బు చేతికొచ్చేసరికి రేటు ఎప్పుడో దాటిపోయింది. భూమి ఇచ్చినవాడు అదే మండలంలో భూమి కొనుక్కోలేకపోతున్నాడు, ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది.

3. మధ్యతరగతి వాళ్ళు ఇల్లు కట్టుకునే ఆశ వదిలేసుకుంటున్నారు. నేనే ఉదాహరణ, పదేళ్ళ క్రితం డెంకాడ వైపు వంద గజాలు తీసుకుందాం అనుకున్నాం, చీటీ పాడి డబ్బు కూర్చుకునే లోపల రేటు మూడింతలైంది. ఇంకా అద్దె పోర్షన్‌లోనే ఉన్నాం.

4. ఇళ్ళల్లో గొడవలు. పాతికేళ్ళ క్రితం పసుపు కుంకుమ కింద ఇచ్చిన అర ఎకరం కోసం ఇప్పుడు అన్నా చెల్లెళ్ళు కోర్టుకి ఎక్కారు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు నా సెంటర్లో వేరే వేరే కుర్చీల్లో కూర్చుని వేరే వేరేగా ఈసీ తీయించుకుని వెళ్ళారు, ఒకరినొకరు పలకరించుకోలేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

5. గెడ్డలు, చెరువు కాలవలు పూడ్చేస్తున్నారు. గజం రేటు పెరిగేకొద్దీ ప్రతి అడుగూ డబ్బే కాబట్టి ముందు పోయేది కాలవే. దిగువ పొలాలకి నీళ్ళు రావు, వానొస్తే ప్లాట్లలోనే నిలబడతాయి.

6. ఊళ్ళో ఉండి బతికేవాడికి కూడా రిజిస్ట్రేషన్ ఖర్చు పెరుగుతోంది. ఎవరో రేటు పెంచేస్తే దాన్ని చూసి గవర్నమెంట్ వాల్యూ పెంచుతారు, 2025 ఫిబ్రవరి 1 నుంచి పెంచారు కూడా. వ్యాపారం చేసినవాళ్ళ అగ్రిమెంట్లకి ఒక్క రూపాయి డ్యూటీ రాలేదు, కూతురికి 10 సెంట్లు రాసిద్దాం అనుకునే తండ్రి మాత్రం పెరిగిన వాల్యూ మీద కట్టాలి.

మా డిమాండ్లు ఇవి. ఇవేవీ కొత్త చట్టం తెమ్మని కాదు, ఉన్నదాన్ని అమలు చెయ్యమనే.

1. భోగాపురం, డెంకాడ, పూసపాటిరేగ, నెల్లిమర్ల మండలాల్లోనూ, శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపూ నడుస్తున్న ప్రతి వెంచర్ దగ్గరికీ అధికారులు స్వయంగా వెళ్ళి రెరా నంబర్, లేఅవుట్ అప్రూవల్ చెక్ చేసి, లేనివాటి పేర్లు, సర్వే నంబర్లు సచివాలయం బోర్డు మీదా, రిజిస్ట్రేషన్ ఆఫీస్ గోడ మీదా పెద్ద అక్షరాలతో తెలుగులో పెట్టాలి. సైట్‌లో ఉంది చూసుకోండి అంటే సరిపోదు, మా మావయ్యకి సైట్ అంటే వెంచర్ అనే తెలుసు.

2. రైతు దగ్గర తీసుకునే ప్రతి అగ్రిమెంట్ రిజిస్టర్ అవ్వాలి, ఈసీలో కనపడాలి. రైతు సంతకం లేకుండా అగ్రిమెంట్‌ని ఇంకొకరికి అమ్మటం ఆపాలి. చెప్పిన టైమ్‌కి డబ్బు కట్టకపోతే భూమి రైతుకి ఎలా వదిలిపెట్టాలో ఒక పద్ధతి రాసి ఊరూరా చెప్పించాలి, వకీలు ఫీజులు పెట్టుకునే స్థోమత రైతులకి లేదు.

3. ప్రతి మూడు నెలలకి ఊరి వారీగా నిజంగా జరిగిన రిజిస్ట్రేషన్లు ఎన్ని, ఏ రేటు నుంచి ఏ రేటు వరకు అనేది ఒక పేజీలో ప్రకటించాలి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. ఎయిర్‌పోర్ట్ పక్కన గజం 20 వేలు అని ఒకడు చెప్తే కొనేవాడు, అమ్మేవాడు ఇద్దరూ ఆ పేజీ తీసి చూసుకుంటారు. ఈ ఒక్క పని చేసినా సగం గాలి దిగిపోతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

4. రెరాలో రిజిస్టర్ కాని ఏజెంట్ ప్లాట్లు అమ్మకూడదని చట్టం ఉంది. మా దగ్గర ఎంతమందికి ఉందో లెక్క తీయండి. కుర్రాళ్ళ మీద కేసులు పెట్టమని కాదు, వాళ్ళని పెట్టుకుని అమ్మిస్తున్న కంపెనీల మీద పెట్టండి.

5. పూడ్చిన గెడ్డలు, కాలవలు ఎఫ్‌ఎంబి (సర్వే నంబర్ కొలతల మ్యాప్) ప్రకారం కొలిచి తెరిపించాలి. వానలు వచ్చే లోపల.

6. అర్జీ మూసేముందు అర్జీదారుడికి ఫోన్ చేసి మాట్లాడాలి, ఏం చేశారో రాతపూర్వకంగా ఇవ్వాలి.

పెట్టుబడిదారులకి ఒక్క విన్నపం. మీరు కష్టపడి సంపాదించిన డబ్బే, కాదనను, దుబాయ్‌లో ఎండలో పనిచేసి పంపినవాళ్ళు కూడా మీలో ఉన్నారు. కొనేముందు ఏజెంట్ కారు దిగి ఆ ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఒక గంట కూర్చోండి. ఈ భూమి ఎవరిది, ఆయనకి పూర్తిగా డబ్బు అందిందా అని అడగండి. రైతుకి డబ్బు అందని భూమిలో ప్లాట్ కొంటే మీ సేల్ డీడ్ వెనకాల ఒక కోర్టు కేసు కాచుకుని ఉన్నట్టే. 30 ఏళ్ళ ఈసీ, లింకు డాక్యుమెంట్లు మీరే సొంతంగా తీయించుకుని మీకు తెలిసిన వకీలుకి చూపించండి, కంపెనీ ఇచ్చిన జెరాక్స్ సెట్టు చూసి సంతకం పెట్టకండి. వచ్చే నెల రేటు పెరుగుతుంది ఇవాళే టోకెన్ కట్టండి అని తొందర పెడితే ఆ నెల ఆగి చూడండి. మీకిస్తామంటున్న రేటుకే, పక్క వెంచర్లో మూడేళ్ళ క్రితం కొన్నవాళ్ళ ప్లాట్ ఒకటి అమ్మిపెట్టమని అదే ఏజెంట్‌ని అడగండి, ఏం చెప్తాడో వినండి.

అధికారులకి, నా దగ్గర నాలుగు అగ్రిమెంట్లలో మూడింటి కాపీలు, మూడు అర్జీల రసీదులు, పూడ్చిన గెడ్డ ఫోటోలు, ఆ సర్వే నంబర్ ఎఫ్‌ఎంబి అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచాను. వచ్చే సోమవారం మావయ్యనీ, ఆ ఆరుగురు రైతుల్నీ తీసుకుని నాలుగోసారి గ్రీవెన్స్‌కి వస్తున్నాం. ఆ రోజు ఒక అధికారి కూర్చుని ఆ ఫైల్ మొదటి నుంచి చివరిదాకా మా ముందు చదివితే చాలు, మిగతాది మేం నోటితో చెప్తాం.

ఇట్లు
విజయనగరం నుంచి ఒక జెరాక్స్, నెట్ సెంటర్ నడిపే మనిషి, ఆరుగురు రైతుల తరఫున